మా ఇంటి వెనక కుంటకి ఒక పేరు

మియాపూర్ దాటాక మేముండే ఫ్లాటులోకి వచ్చి 9 ఏళ్ళయింది. ఇన్నేళ్ళలో ఆదివారం పూట మా వాడిని ఎక్కడికైనా తీసుకెళ్ళాలంటే నాకు తెలిసినవి మూడే. ఒక మాల్, ఇంకో మాల్, జూ పార్కు. జూకి వెళ్ళి రావడానికే ఒక రోజు చాలదు. "ఇక్కడ కాస్త చెట్టూ నీళ్ళూ ఉన్న చోటు ఎక్కడుందండీ?" అని ఎవరినడిగినా ఏదో రిసార్టు పేరు చెప్పేవాళ్ళు. తలకింత టికెట్టు, మధ్యాహ్నం బఫే.

నేను బ్యాంకులో పనిచేస్తాను. మా బ్రాంచిలో కొత్తగా చేరిన అమ్మాయి ఒక రోజు లంచ్‌లో ఫోన్ చూస్తూ "అక్కా, నిన్న అమీన్‌పూర్ చెరువులో ఫ్లెమింగోలు ఉన్నాయట" అంది. అమీన్‌పూర్ మా ఇంటికి 8 కిలోమీటర్లు. ఫ్లెమింగోలంటే పులికాట్ అనే నాకు తెలుసు. నీకెవరు చెప్పారే అంటే, ఎవరో చూసి యాప్‌లో రాశారంది. అక్కడికక్కడే నా ఫోన్‌లో కూడా వేసిచ్చింది. దాని పేరు ఈబర్డ్.

అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ పక్షుల పరిశోధనశాల వాళ్ళు 2002లో మొదలుపెట్టారట. డబ్బేమీ కట్టక్కర్లేదు, మెయిల్ ఐడీ ఉంటే చాలు. పక్షులు చూసేవాళ్ళు ఎక్కడ, ఎప్పుడు, ఏది, ఎన్ని చూశారో అందులో రాసుకుంటారు. అసలు పని అది. అప్పటికి నాకు పక్షుల మీద ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. నాకు కావలసింది చోటు. పిట్టలు వాలాయంటే అక్కడ నీళ్ళో చెట్లో ఉండి తీరాలి కదా, అంతవరకే నా లెక్క.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక అందులో ఎక్స్‌ప్లోర్ అన్నది నొక్కితే మ్యాప్ మీద గుర్తులు వచ్చాయి. వాటిని హాట్‌స్పాట్లంటారు. పక్షులు చూడ్డానికి నలుగురూ వెళ్ళే చోట్లన్నమాట. ఒక్కోదాన్ని నొక్కితే పేరు, అక్కడ ఇదివరకు కనిపించిన పక్షులు, దారి చూపించే బటన్. మా ఇంటి చుట్టూ చూసి నోరు తెరిచాను. చిలుకూరు బాలాజీ గుడికి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. మా వాడు పుట్టకముందు 11 ప్రదక్షిణలు, పుట్టాక 108. ఆ దారిలోనే మృగవని అని ఒక నేషనల్ పార్కు ఉందని మాత్రం ఆ రాత్రి తెలిసింది. అంతకన్నా సిగ్గుచేటు ఇంకోటుంది. మ్యాప్‌ని వేలితో జరుపుతూ జరుపుతూ మా గుంటూరు దాకా వెళ్ళాను. ఊరికి 10 కిలోమీటర్లు కూడా లేదు ఉప్పలపాడు. ఊళ్ళో చెరువులో ఉన్న చెట్ల మీద గూడబాతులు, కొంగలు వందలకొద్దీ గూళ్ళు పెడతాయి. బయటివాళ్ళు వెతుక్కుంటూ వచ్చి చూసి వెళ్ళే చోటది. నేను గుంటూరులో పుట్టి, చదివి, పెళ్ళి చేసుకుని వచ్చేశాను. ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

సరే, మొదటి ఆదివారం. లేచి, తలంటుకుని, టిఫిన్లు చేసి అమీన్‌పూర్ చేరేసరికి 11 అయింది. ఎండ. దూరంగా తెల్లగా నాలుగు కొంగలు. మా వాడు "ఇదేనా?" అన్నాడు. మా ఆయన ఏమీ అనలేదు, అదింకా ఇబ్బంది. తర్వాత ఆ హాట్‌స్పాట్‌లో అందరూ రాసిన లిస్టులు తీసి చూస్తే టైములు వరసగా 6:15, 6:30, 6:40. అన్నీ కళ్ళెదురుగానే ఉన్నాయి, నేనే చూడలేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను చెప్పేదొకటే. ఏ పిట్ట కనిపించింది అన్నదానికన్నా ముందు ఎన్నింటికి కనిపించింది, ఏ నెలలో కనిపించింది చూసుకోండి. నవంబరులో కళకళలాడిన చెరువు మేలో వట్టి బురదగా ఉండొచ్చు.

రెండో ఆదివారం ఇంకో చెరువు అనుకున్నాను. ఊరు పేరు చెప్పను. ఫోన్ దారి చూపిస్తూ పోయి పోయి ఒక పెద్ద గేటెడ్ కమ్యూనిటీ ముందు "మీరు చేరుకున్నారు" అంది. వాచ్‌మన్ వచ్చాడు.

"ఎవరింటికి మేడం?"

"ఇంటికి కాదు బాబూ. చెరువుకి."

"చెరువు గోడ అవతల మేడం. ఇటు తొవ్వ లేదు."

"మరి అటు ఎలా వెళ్ళాలి?"

"అటు కూడా గోడనే."

చెరువు ఉంది, పక్షులూ ఉన్నాయి, చూసి రాసినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళలో కొందరు ఆ గోడ లోపలి బాల్కనీల్లో కూర్చుని రాసి ఉంటారని నాకు వారం తర్వాత తట్టింది.

మూడోసారి మళ్ళీ అమీన్‌పూరే. ఈసారి చీకటితో లేచాం. 6:20కి గట్టు మీద ఉన్నాం. చెరువు ఒడ్డున ఏనుగులు పడుకున్నట్టుండే రాళ్ళు, నీళ్ళ మీద పల్చగా మంచు, రబ్బరు ట్యూబు మీద కూర్చుని వల తీస్తున్న ఒకాయన. కుతుబ్‌షాహీల కాలంలో తవ్విన చెరువట. 2016లో దీన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. నగరంలో ఉన్న చెరువుకి ఆ గుర్తింపు రావడం దేశంలో అదే మొదటిసారి. ఇదంతా నేను ఇంటికొచ్చాక చదువుకున్నాను. ఆ పొద్దున్న నాకు కనిపించినవి కాళ్ళు. సన్నగా, ఎర్రగా, ఒంటికి అస్సలు పొంతనలేనంత పొడుగ్గా ఉన్న కాళ్ళు. అలాంటివి పాతిక పిట్టలు మోకాలి లోతు నీళ్ళలో వంగి వంగి ఏరుకుంటున్నాయి. నీళ్ళు కదలనప్పుడు కింద ఇంకో పాతిక. బ్లాక్-వింగ్డ్ స్టిల్ట్ అని తర్వాత యాప్‌లో చూసుకున్నాను. మా వాడు వాటికి కర్రకాళ్ళోళ్ళు అని పేరు పెట్టాడు. మా ఇంట్లో ఇప్పటికీ అదే పేరు.

ఫ్లెమింగోలు కనిపించలేదు. వెళ్ళిపోయాయట.

వల తీసే ఆయన ఒడ్డుకొచ్చి నా ఫోన్ వైపు చూసి "సర్వేకొచ్చిన్రా అమ్మా?" అనడిగాడు. కాదండీ, పక్షులు లెక్కపెడుతున్నాం అన్నాను. నమ్మలేదు. చెరువు దగ్గర ఫోన్ పట్టుకుని తిరిగేవాళ్ళు చెరువు హద్దు చెప్పే ఎఫ్‌టీఎల్ రాళ్ళు చూడ్డానికో, ప్లాటు చూడ్డానికో వచ్చుంటారని ఆయన అనుభవం. నాకూ కోపం రాలేదు.

ఇక లెక్కపెట్టడం ఎలాగో చెప్పాలి. చోట్లు వెతుక్కోవడానికే వేసుకున్న యాప్, ఊరికే చూసి వస్తుంటే ఏదో అప్పుపడ్డట్టు అనిపించి నేనూ రాయడం మొదలుపెట్టాను. వెళ్ళగానే స్టార్ట్ నొక్కాలి. అది టైమూ, మనం నడిచిన దారీ తనే పట్టుకుంటుంది. పిట్ట కనబడ్డప్పుడల్లా దాని పేరు పక్కన ఎన్ని కనిపించాయో నొక్కడమే. లెక్క తెలియకపోతే ఎక్స్ అని పెడితే సరిపోతుంది. అయ్యాక స్టాప్. అప్పుడొక ప్రశ్న అడుగుతుంది: మీరు గుర్తుపట్టగలిగిన పక్షులన్నీ రాశారా, అవునా కాదా? నేను అవునని పెట్టేశాను. ఆఫీసులో ఆ అమ్మాయికి చూపిస్తే "కాకులేవక్కా?" అంది.

"కాకుల్ని కూడా రాయాలా?"

"కాకి పక్షి కాదా?"

నిజమే. కాకులు, పావురాలు, గోరింకలు చూస్తూనే ఉన్నాను, వింటూనే ఉన్నాను, రాయాలని మాత్రం తోచలేదు. అన్నీ రాస్తేనే ఆ లెక్కకి విలువట. ఏది లేదో తెలియాలంటే ఉన్నవన్నీ రాసుండాలి కదా. కాకుల్ని రోజూ రాస్తేనే, అవి తగ్గిపోయిన రోజున ఎవరికైనా తెలుస్తుంది. ఊరపిచ్చుకల విషయంలో మనం అది చేయలేదు. "ఇదివరకు బోలెడుండేవి" అని తప్ప ఎన్నుండేవో చెప్పగలిగేవాళ్ళు మనలో ఎంతమంది?

ఇంకో తప్పు కూడా చేశాను. ఒకసారి స్టాప్ నొక్కడం మర్చిపోయి స్కూటీ ఎక్కేశాను. దారిలో ఇడ్లీ బండి దగ్గర ఆగాం, పాలు తీసుకున్నాం, ఇంటికొచ్చాం. చూసుకుంటే 11 కిలోమీటర్లు, 2 గంటల 10 నిమిషాలు పక్షుల్ని వెతికానని ఉంది. మ్యాప్ మీద నీలం గీత చెరువు చుట్టూ తిరిగి, ఇడ్లీ బండి దగ్గర ముడిపడి, మా పార్కింగ్ దాకా వచ్చింది. దూరం, టైము తర్వాత దిద్దుకోవచ్చు, దిద్దాను. ఒక్కో లిస్టు 8 కిలోమీటర్లు మించకుండా చూసుకోమని వాళ్ళే చెప్తారు. నడిచేవాళ్ళకి అదెలాగూ మించదు, నాలాంటి మతిమరుపు వాళ్ళకి తప్ప.

ఆడవాళ్ళు చదువుతుంటే ఒక మాట. యాప్‌లో కుక్కలుండవు. సీసా పెంకులుండవు, గట్టు మీద రాత్రి నుంచి కూర్చుని ఇంకా లేవనివాళ్ళూ ఉండరు. కొత్త చోటికి నేను ఒక్కదాన్నే వెళ్ళను. మా ఆయనకి కుదరకపోతే ఆఫీసు అమ్మాయి వస్తుంది. అదీ కుదరకపోతే ఆ వారం మానేస్తాను. చేతిలో గొడుగు ఉంటుంది, ఎండాకాలమైనా వానాకాలమైనా. ఇంకోటి, ఇంట్లోంచి లిస్టు రాసేటప్పుడు చోటు పేరు మనమే పెట్టుకుంటాం. నేను ముందు అపార్ట్‌మెంటు పేరు, ఫ్లాట్ నంబరు పెట్టాను. ఆ పేరు అందరికీ కనిపిస్తుందని రెండు నెలల తర్వాత తెలిసి గబగబా మార్చుకున్నాను.

ఇంట్లోంచి రాయడం ఎందుకు మొదలైందంటే ఫిబ్రవరి వల్ల. ఏటా ఫిబ్రవరిలో 4 రోజులు ప్రపంచమంతా ఇళ్ళ చుట్టుపక్కల పక్షుల్ని లెక్కపెడతారు. కనీసం 15 నిమిషాలు కూర్చుంటే చాలు. నాకు ఆ వారం ఆడిట్. ఎక్కడికీ కదిలే వీల్లేదు. వెనక బాల్కనీ తలుపు తీసి కుర్చీ వేసుకున్నాను.

ఆ తలుపు మేం ఎప్పుడూ తీయం. వెనక ఒక కుంట ఉంది. సగం గుర్రపుడెక్క, అంచున కూలగొట్టిన ఇళ్ళ రాళ్ళూ రప్పలూ, ఒక పక్క లేఅవుట్ రాళ్ళు. ఆ కుంటంటే మాకు దోమలు. ఫ్లాట్ కొనేటప్పుడు అటువైపని కొంచెం బేరం కూడా ఆడాం. యాప్ మ్యాప్‌లో అక్కడ ఏమీ లేదు. ఒక్క గుర్తు లేదు. దాంతో అక్కడ ఏమీ ఉండదనే అనుకున్నాను. మ్యాప్‌లో ఏమీ లేకపోతే అక్కడ ఎవరూ వెళ్ళి చూడలేదని అర్థం, అంతే. అది నాకు ఆ కుర్చీలో కూర్చున్న 15 నిమిషాల్లోనే తెలిసింది.

గుర్రపుడెక్కలోంచి ముందు ఒక ఎర్రటి ముక్కు బయటికొచ్చింది. వెనకాలే కోడంత ఒళ్ళు, ఊదా కలిసిన నీలం. పొడుగాటి వేళ్ళు ఆకుల మీద ఒక్కొక్కటే ఆనించి, బరువు వేసి, మునగదని నమ్మకం కుదిరాక రెండో కాలు తీస్తోంది. ఒక కాడని ముక్కుతో పీకి, కాలితో పట్టుకుని, మనం చెరుకుముక్క తిన్నట్టు తింటోంది. దానికి కాస్త దూరంలో ఒక బుడుబుంగ. గుప్పెడంత ఉంటుందేమో. ఇక్కడ బుడుంగున మునిగి, నేను గుడ్లప్పగించి అక్కడే చూస్తుంటే, ఎక్కడో పది గజాల అవతల తేలుతోంది. ఎన్నున్నాయో తేల్చుకోవడానికే నాకు 10 నిమిషాలు పట్టింది. మునిగినదీ తేలినదీ ఒకటేనా వేరేనా? చివరికి ఒకేసారి రెండు తేలాయి. 2 అని రాశాను. నీటికాకులు 6, జెముడుకాకి 1, తెల్ల రొమ్ము లకుముకిపిట్ట 1, కాకులు 14. మొత్తం 17 రకాలు, మా దోమల కుంటలో.

ఒక కూత మాత్రం ఎవరిదో అర్థం కాలేదు. మెర్లిన్ అని ఇంకో యాప్ ఉంది, అదీ కార్నెల్ వాళ్ళదే. కూత వినిపిస్తే ఏ పిట్టో చెప్తుంది. పెట్టి చూస్తే రెడ్-వాటిల్డ్ లాప్‌వింగ్ అని చూపించింది. రికార్డు చేసి వాట్సాప్‌లో అమ్మకి పంపాను. రెండు నిమిషాల్లో ఫోన్ వచ్చింది.

"తీతువు పిట్టే అది! పొద్దున్నే దాని అరుపు వినిపిస్తావేమే? అందరూ బాగున్నారా?"

తీతువు అరిస్తే అశుభమని అమ్మ నమ్మకం. ఆ రోజు సాయంత్రం దాకా మూడుసార్లు ఫోన్ చేసి కుశలం కనుక్కుంది. అది అరుస్తున్నది ఎందుకో ఎండలు ముదిరాక తెలిసింది. లేఅవుట్ రాళ్ళ మధ్య కంకరలో, గూడూ గీడూ లేకుండా, నాలుగు గుడ్లు. కంకరకీ గుడ్డుకీ తేడా తెలియదు. ఎవరు అటు అడుగేసినా తల మీదుగా ఎగురుతూ గోల. దాని గొడవ దానిది. అమ్మకి చెప్తే "అయినా సరే, నాకు పంపకు" అంది.

ఆ తర్వాత వారానికి రెండు మూడు రోజులు రాస్తూ వచ్చాను. మొక్కలకి ఐనాచురలిస్ట్ అని వేరే యాప్ వాడాను. కుంట గట్టు మీద పసుప్పచ్చ పూలు ఫోటో తీస్తే ఏదో లాటిన్ పేరు చెప్పింది. అది నేను కూడబలుక్కునేలోపే పక్కింటి ఆవిడ "తంగేడు కద, బతుకమ్మకి కోసుకొస్తం" అంది.

దసరా నాడు పెద్ద తప్పు చేశాను. తెలంగాణలో దసరాకి పాలపిట్టని చూస్తే మంచిదంటారు. అది రాష్ట్ర పక్షి కూడా. కొందరు వాటిని పట్టి పంజరంలో పెట్టి, చూపించి డబ్బులు తీసుకుంటారు. వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. మాకు ఆ అవసరం పడలేదు. కుంట పక్క కరెంటు తీగ మీద మట్టిరంగులో ఏదో కూర్చుని ఉంది. మా వాడు చప్పట్లు కొట్టాడు. రెక్కలు విప్పింది చూడండి, ఆ నీలం నేను రాయలేను. పాలపిట్టని ఇంగ్లీషులో రోలర్ అంటారు. ఆ ఉత్సాహంలో లిస్టులో రోలర్ అని వెతికి, పైదో కిందదో చూసుకోకుండా నొక్కేశాను. అది అరుదైన పక్షి, వివరం రాయండి అంది యాప్. "దసరా పాలపిట్ట" అని ఇంగ్లీషులో రాసి పంపేశాను.

నాలుగు రోజులకి మెయిల్. ఈ లెక్కల్ని సరిచూసే వాలంటీర్లు ఉంటారని అప్పుడే తెలిసింది. మీరు యూరోపియన్ రోలర్ అని రాశారు, ఫోటో ఉందా, లేక ఇండియన్ రోలర్‌కి బదులు పొరపాటున నొక్కారా అని మర్యాదగా అడిగారు. బ్యాంకులో 20 ఏళ్ళుగా వేరేవాళ్ళ ఎంట్రీలు దిద్దే మనిషిని నేను. చెవులు వేడెక్కాయి. దిద్ది, థాంక్స్ అని జవాబు రాశాను.

ఆ మెయిల్ వల్లనే ధైర్యం వచ్చింది. అవతల మనుషులే ఉన్నారు కదా, కుంటని హాట్‌స్పాట్‌గా పెట్టమని అడుగుదాం అనుకున్నాను. అది ఫోన్‌లో కాదు, వాళ్ళ వెబ్‌సైట్‌లోకి వెళ్ళి మన చోటుని సిఫార్సు చేయాలి. అందరూ వెళ్ళగలిగే చోటై ఉండాలి. దానికొక పేరుండాలి. అక్కడ ఆగిపోయాను. మా కుంట పేరేమిటి?

కిరాణా షాపులో అడిగితే "పేరేందక్కా, కుంట" అన్నాడు. అపార్ట్‌మెంటు సెక్రటరీ "వాటర్ బాడీ" అన్నారు. చివరికి పాత ఊళ్ళోంచి వచ్చి పెరుగు అమ్మే పెద్దమ్మని అడిగాను.

"మర్రికుంట బిడ్డా."

"మర్రిచెట్టు ఎక్కడుంది పెద్దమ్మా?"

ఆవిడ సెల్ టవర్ వైపు చెయ్యి చూపించింది. "గాడనే ఉండె."

మర్రికుంట అనే రాసి పంపాను. దాదాపు 3 వారాలు పట్టింది. ఒక శనివారం మ్యాప్ తెరిస్తే మా ఇంటి వెనక గుర్తు వచ్చి కూర్చుంది. మా వాడికి, మా ఆయనకి, ఆఫీసు అమ్మాయికి, అమ్మకి అందరికీ స్క్రీన్‌షాట్ పంపాను. అమ్మ "తీతువు ఉందిగా అందులో" అని మాత్రం అడిగింది.

డిసెంబరులో, నేను ఆఫీసులో ఉండగా, మర్రికుంటలో నాది కాని మొదటి లిస్టు వచ్చింది. ఎవరో తెలియదు. పొద్దున 7:05 నుంచి 7:40 వరకు, 19 రకాలు. వాటిలో ఒకటి పైడ్ కింగ్‌ఫిషర్, 2. నలుపూ తెలుపూ లకుముకిపిట్ట. పది నెలలుగా ఆ కుర్చీలో కూర్చున్నాను, నాకు ఒక్కసారి కూడా కనబడలేదు. కొంచెం కుళ్ళుకున్నాను. మళ్ళీ పై నుంచి కింద దాకా ఒక్కో పేరూ చదివాను. అన్నీ రాశారా అన్న దగ్గర అవునని పెట్టి ఉంది.

కాకులు లేవు.